కింద తెలుగు అక్షరాలు

జమ్మలమడుగు చుట్టుపక్కల బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు చెవులు మందగించడం కొత్తేమీ కాదు. నాపరాయిని కోసే రంపం పక్కన నిలబడితే ఎదుటి మనిషి గొంతు చించుకున్నా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. బీడీకి రెండు వేళ్లు, నీళ్లకు బొటనవేలు, మేస్త్రీ వస్తున్నాడంటే పొట్ట మీద చెయ్యి. కమాల్ బాషా మీసాలు సరిగా రాకముందే ఆ రంపం ముందు నిలబడ్డాడు. మీసాలు నెరిసేదాకా అక్కడే ఉన్నాడు.

వాళ్లు దూదేకులవాళ్లు. ఇంట్లో మాట తెలుగే. తండ్రి ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడు. కమాల్ బాషా ఏడో తరగతి దాకా చదివి మానేశాడు. ఆ చదువులో ఆయనకు మిగిలింది తెలుగు అక్షరాలు మాత్రమే. సినిమా పోస్టర్లు, బస్సు బోర్డులు, పొట్లం కట్టిన పేపరు, కంటికేది కనపడితే అది చదివేవాడు.

ఆయనకు సినిమా అంటే పిచ్చి. సెలవు రోజు వస్తే ప్రొద్దుటూరు బస్సెక్కి మొదటి ఆట చూసి వచ్చేవాడు. అయితే ఆయన చూడబోయేది హీరోను కాదు, డ్యాన్సులూ కాదు. మాటల కోసం పోయేవాడు. ఫైట్లు మొదలైతే లేచి బయటికి పోయి బీడీ తాగి వచ్చేవాడు. మరుసటి రోజు ఫ్యాక్టరీలో అన్నాల పూట రంపాలు ఆగుతాయి కదా, అప్పుడు బండల గుట్ట మీద కూచుని సినిమా అంతా చెప్పేవాడు. విలన్‌కొక గొంతు, హీరో తల్లికొక గొంతు. "టికెట్టు దుడ్లు మిగిలిచ్చినావు కదప్పా" అని తోటివాళ్లు నవ్వేవాళ్లు.

చెవులు ఒక్కసారిగా పోలేదు. ముందు సన్నని చప్పుళ్లు పోయాయి. కుక్కరు కూత పోయింది. సైకిలు బెల్లు పోయింది. తర్వాత కూతురు ఫరహత్ గొంతు పోయింది. ఆ పిల్లది సన్నని గొంతు. ఏదో అడుగుతుంది, ఆయన వేరే ఏదో జవాబు చెబుతాడు, తల్లీ కూతుళ్లు నవ్వుకుంటారు. మొదట్లో ఆయన కూడా నవ్వాడు. భార్య అఖ్తర్ బీది కాస్త బొంగురు గొంతు కాబట్టి అది ఇంకొన్నాళ్లు నిలిచింది. చివరికి అదీ పోయింది.

ప్రొద్దుటూరులో చెవుల డాక్టరు పరీక్ష చేసి, నరం చచ్చిపోయింది, ఇక రాదు అన్నాడు. ఆ మాట ఫరహత్‌తో అన్నాడు. ఆమె నాన్న వైపు తిరిగి ఏం చెప్పాలో తెలియక తల అడ్డంగా ఊపింది. చెవికి పెట్టుకునే మిషన్ కొన్నారు. అది పెట్టుకుంటే మనుషుల మాటలన్నీ నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమన్నాయే తప్ప ఒక్క మాట కూడా మాటలా రాలేదు. కొన్నాళ్లు పెట్టుకుని తీసి డబ్బాలో పెట్టేశాడు.

పని కూడా అలాగే పోయింది. ఒకరోజు రంపాలు ఆగి ఉన్నప్పుడు పైకెత్తిన బండ జారుతుంటే అందరూ అరిచారు. పారిపోయారు. కమాల్ బాషా ఒక్కడే వీపు తిప్పి నిలబడి రంపాన్ని కడుగుతున్నాడు. బండ ఆయన పక్కన జానెడు దూరంలో పడి ముక్కలైంది. కాళ్ల కింద నేల అదిరాక వెనక్కి తిరిగి చూశాడు. ఆ సాయంత్రమే మేస్త్రీ ఆయన భుజం మీద చెయ్యి వేసి, గేటు వైపు చూపించి, రెండు చేతులూ జోడించాడు. చెడ్డవాడు కాదు. ఇంకోసారి బండ జానెడు ఇవతల పడితే ఎవరు జవాబు చెప్పాలి?

అప్పటినుంచి ఇంట్లోనే. అఖ్తర్ బీ దిండ్లకు, పరుపులకు గలీబులు కుడుతుంది. ఆయన ముందు గదిలో కూచుని దూది కూరుతాడు. తండ్రి పని ఎగతాళి చేసి ఫ్యాక్టరీకి పోయినవాడు మళ్లీ దూదిలోకే వచ్చి పడ్డాడని అత్తవారి వైపు ఎవరో అన్నారు. ఆ మాట ఆయనకు వినపడలేదు.

సినిమా మానలేదు. మానలేకపోయాడు. ఒకసారి ఒంటరిగా ప్రొద్దుటూరు పోయి హాల్లో కూచున్నాడు. తెర మీద ఇద్దరు మంచం మీద కూచుని ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆయన ఆ పెదాల వైపే చూస్తున్నాడు. ఉన్నట్టుండి పక్కన మనిషి ముందుకు వంగి తొడ చరుచుకుని నవ్వాడు. కమాల్ బాషా తల తిప్పి చూస్తే హాలంతా నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వరస మీద వరస, నోళ్లు. తర్వాత ఫైటు వచ్చింది. అందులో అర్థం కానిదేమీ లేదు. ఎప్పుడూ లేచి పోయే ఆ ఫైటును ఆయన చివరిదాకా కూచుని చూశాడు. ఇంటర్వెల్లో బయటికి వచ్చి బస్సెక్కాడు. మళ్లీ హాలుకు పోలేదు.

ఇంట్లో టీవీ ఉంది. సౌండు పెంచితే ఏమైనా తెలుస్తుందేమోనని చివరిదాకా పెంచేవాడు. పక్కింటి మహబూబ్‌బీ గోడ మీదుగా కేక వేసేది. "అఖ్తరూ, మీ ఇంట్లో పెండ్లేమైనా జరుగుతాందా ఏంది?" అఖ్తర్ బీ ఏడుపు మొహంతో తగ్గించేది. తగ్గించిన సంగతి ఆయనకు తెలిసేది కాదు.

ఫరహత్ ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. రోజూ బస్సులో పోయి వస్తుంది. తండ్రితో మాట్లాడడానికి ఆమె పాత క్యాలెండరు కాగితాల వెనక రాసేది. ఫోనులో మాట చెబితే అక్షరాలుగా రాసేది ఒకటి ఉందని తెలిసి, దాన్ని టీవీ పక్కన పెట్టి చూసింది. టీవీలో హీరోయిన్ "నువ్వు రాకపోతే నేనుండలేను" అంటే ఫోను "నువ్వు రాగి పోతే" అని రాసింది. వెనక సంగీతం రాగానే అసలు రాయడమే మానేసింది. కమాల్ బాషా ఆ తెల్లటి తెరను కాసేపు చూసి, "దీనికీ నా మాదిరే ఉండాది మ్మా" అన్నాడు.

ఒకనాడు బస్సు దిగి వచ్చి ఫరహత్ తన ఫోనులో స్నేహితురాలు డబ్బు కట్టిన సినిమాల యాప్‌లో ఏదో తెలుగు సినిమా చూస్తూ అన్నం తింటోంది. కమాల్ బాషా వెనకనుంచి వంగి చూశాడు. బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తూ పోతున్నాయి.

"ఇవేంది మ్మా, కింద పోతాండేవి?" అని గట్టిగా అడిగాడు. తన గొంతు తనకు వినపడక ఆయన ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు.

ఫరహత్ ఎడమచేత్తో కాగితం మీద రాసింది. 'వాళ్లు మాట్లాడే మాటలు నాయనా.'

"అన్నీ రాస్తారా?"

ఆమె తల ఊపింది.

"తెలుగు సినిమానే కదా ఇది. తెలుగులో రాయరా?"

ఫరహత్ ఫోనులో వెతికింది. తెలుగు లేదు. కానీ ఆయన మొహం చూసి, 'వేరే యాప్‌లో ఉంటుందేమో చూస్తా' అని రాసింది. ఆ రాత ఆయన రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ తర్వాత ఆమెకు అదే పని అయింది. ఏడాదికి ఒక యాప్ కొనగలరు. అంతకుమించి ఇంట్లో కుదరదు. ఆ ఒక్కటి ఏదో తేల్చుకోవాలి. ఏ యాప్ మంచిదని ఫోనులో వెతికితే బోలెడన్ని పోలికలు దొరికాయి. ఎందులో ఎన్ని సినిమాలు, ఎందులో క్రికెట్టు, ఏది ఎన్ని ఫోన్లలో వస్తుంది, ఏది చవక, అన్నీ ఉన్నాయి. కింద ఏ భాషలో అక్షరాలు వస్తాయో ఎవరూ రాయలేదు. కాలేజీలో అడిగితే, "తెలుగు సినిమాకు తెలుగులో ఎందుకే?" అన్నారు.

పులివెందులలో కమాల్ బాషా చెల్లెలు పీరాంబీ ఉంది. ఆమె కొడుకు నయీం బైకుల షోరూములో పనిచేస్తాడు. వాళ్లింట్లో ఇంటర్నెట్టుతో పాటు యాప్‌లన్నీ కట్టగట్టి ఇచ్చారని తెలిసి, ఒక ఆదివారం ఫరహత్ తండ్రిని అక్కడికి తీసుకుపోయింది. కొనేముందు అన్నీ పెట్టి చూద్దామని.

కమాల్ బాషా ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. కళ్లజోడు తుడుచుకుని, స్టూలు లాక్కుని, టీవీకి ఎదురుగా పెళ్లిచూపులకు వచ్చినట్టు కూచున్నాడు.

నయీం రిమోట్ పట్టుకున్నాడు. "దీంట్లో కొత్త సినిమాలన్నీ బిరీన వస్తాయి మామా. హాల్లోంచి తీసినారంటే ఈడుంటాయి."

"ఆయనకు ఇనపడదు బావా. కింద అక్షరాలు చూపీ."

చూపించాడు. ఇంగ్లీషు. కమాల్ బాషా తల అడ్డంగా ఊపాడు.

రెండోదాంట్లో క్రికెట్టు, సీరియళ్లు ఉన్నాయి. అఖ్తర్ బీ చూసే సీరియళ్లన్నీ అందులోవే. అక్షరాలే లేవు. మూడోది పూర్తిగా తెలుగుది. పేరు తెలుగు, బొమ్మలు తెలుగు, లోపల అన్నీ తెలుగు సినిమాలే. ఫరహత్ ఆశంతా దాని మీదే పెట్టుకుంది. నయీం ఒక సినిమా పెట్టి అక్షరాల గుర్తు నొక్కాడు. ఇంగ్లీషు. ఇంకో సినిమా. ఇంగ్లీషు. ఇంకోటి. ఏమీ రాలేదు.

"వాళ్లు తెలుగు రానోళ్ల కోసం పెడ్తారు ఫరహత్" అన్నాడు నయీం. "తెలుగోనికి తెలుగు ఇనపడ్తాది గదా అనుకుంటారు."

"తెలుగొచ్చి చెవులు ల్యాకుంటే?"

నయీం రిమోట్ వైపు చూసుకున్నాడు.

"ఏమంటాండాడు మ్మా?" అని కమాల్ బాషా అడిగాడు. ఫరహత్ చేతిలో కాగితం ఉంది, పెన్ను ఉంది. ఆమె ఆ మాట రాయలేదు. 'ఇంకోటి చూపిస్తాడంట' అని రాసింది.

నాలుగోది విదేశాలది. తెర నిండా మంచు కురుస్తోంది. కోటు వేసుకున్న పోలీసామె ఒక ఇంటి తలుపు తట్టింది. ముసలాయన తలుపు తీశాడు. భాషల వరుసలో ఎక్కడో అడుగున తెలుగు అని ఉంది. నయీం నొక్కాడు.

"'నువ్వు ఆలస్యంగా వచ్చావు'" అని కమాల్ బాషా పెద్దగా చదివాడు. లేచి నిలబడ్డాడు. "ఆలస్యంగా వచ్చావంటాండాడు మ్మా ఆ ముసలోడు! ఇదో, ఆయమ్మ చెప్తాంది, 'దారి మూసుకుపోయింది'!"

వంటింట్లోంచి పీరాంబీ పరుగెత్తుకొచ్చింది. "ఏమాయ? ఏమాయ?"

"ఏంల్యా అత్తా. దొరికింది" అంది ఫరహత్.

కమాల్ బాషా తెర ముందు నిలబడే చాలాసేపు చదివాడు. తర్వాత అడిగాడు, "దీంట్లో మన సినిమాలుంటాయా?" ఉన్నాయి. నయీం ఒకటి పెట్టాడు. దాని కింద మళ్లీ ఇంగ్లీషే. మంచు దేశంవాళ్ల మాటలకు తెలుగు ఉంది గానీ తెలుగువాళ్ల మాటలకు లేదు. కమాల్ బాషా ఆ అక్షరాల వైపు కాసేపు చూసి స్టూలు మీద కూచున్నాడు.

"పోన్లే. అక్షరాలుండేదే తీసుకుందాం" అన్నాడు.

పీరాంబీ అన్నం పెడుతూ, అన్న మొహం చూసి, "తినన్నా, తిను" అని రెండుసార్లు చేత్తో చూపించింది.

అలా ఆ ఏడాది ఆయన మంచులో గడిపాడు. మధ్యాహ్నం దూది పని కాగానే ఫరహత్ పాత ఫోను పట్టుకుని గోడకానుకుని కూచునేవాడు. మొదట్లో అక్షరాలు ఆయన చదవకముందే పారిపోయేవి. ఆపడం, వెనక్కి జరపడం నేర్చుకున్నాడు. ఆ తెలుగు కూడా ఒక రకం తెలుగు. ఎవరూ అలా మాట్లాడరు. దొంగ కూడా 'దయచేసి తలుపు మూయండి' అంటాడు. అయినా అవి మాటలు. ఎవరో ఒకరు మాట్లాడితే ఇంకొకరు జవాబు చెబుతున్నారు, ఆ జవాబు ఆయనకు తెలుస్తోంది.

మొదట్లో ఆ కథలు అఖ్తర్ బీకి చెప్పబోయాడు. ఆమె కుట్టుమిషన్ తొక్కుతూ వినేది. కానీ ఆయన గొంతు వీధి చివరదాకా పోయేది. ఎవరో హత్య చేశారని, శవం గడ్డకట్టిన చెరువులో ఉందని ఆయన అరిచి చెబుతుంటే దారిన పోయేవాళ్లు ఆగి కిటికీలోంచి చూసేవాళ్లు. అఖ్తర్ బీ చేత్తో 'మెల్లగా, మెల్లగా' అని సైగ చేసేది. మెల్లగా అంటే ఎంత మెల్లగానో ఆయనకు తెలిసేది కాదు. ఇంకా తగ్గిస్తే అది గొణుగుడై ఆమెకు వినపడేది కాదు. ఒకరోజు ఆమె విసుగుతో పెదాల మీద వేలు పెట్టుకుంది. చిన్నపిల్లలకు చూపించినట్టు. ఆయన కథ అక్కడికక్కడే ఆపేశాడు. తర్వాత చెప్పమని ఆమె ఎంత సైగ చేసినా, "ఏంల్యాలే" అన్నాడు.

ఇక ఆ ఇంట్లో సాయంత్రాలు రెండుగా చీలిపోయాయి. లోపలి గదిలో టీవీ, దాని ముందు తల్లీ కూతుళ్లు. ముందు గదిలో ఫోను, దాని ముందు ఆయన. ఉన్నట్టుండి ఆయన ఒక్కడే నవ్వేవాడు. వాళ్లు ఉలిక్కిపడి చూసేవాళ్లు.

ఏడాది అయిపోవచ్చింది. మళ్లీ కట్టాలని ఫోనులో మెసేజీలు వస్తున్నాయి. దూది పొట్లాల మధ్య కూచుని తల్లీ కూతుళ్లు మాట్లాడుకుంటున్నారు. కమాల్ బాషా అక్కడే, వాళ్ల ఎదురుగానే ఉన్నాడు.

"ఈసారి అది వద్దు" అంది అఖ్తర్ బీ. "ఏడాదంతా ఆ మంచులో మనుషులతోనే సరిపాయ ఆయనకు. ఈడ నేనొగదాన్ని ఉండానని తెలుసునా?"

"ఇంక దేంట్లోనూ అక్షరాల్ల్యావమ్మా."

"నేను పక్కన కూచోని చెప్తా. పెదాలు చూసి తెలుసుకుంటాడు. కొత్త సినిమాలు వచ్చేది తీసుకో. ముగ్గురం ఒగ చోట కూచుందాం. నాకు భయమైతాంది ఫరహత్, ఇట్లే ఇంకో ఏడాది పోతే ఆ మనిషి మనకు యాడ దొరుకుతాడు?"

తల్లి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. కమాల్ బాషా దూది చేత్తో పట్టుకుని ఇద్దరి మొహాలూ చూస్తున్నాడు. పక్కన పడి ఉన్న ఫోనులో మెసేజీ వెలుగుతోంది. దాన్నీ చూశాడు.

"మ్మా, ఈసారి మీ అమ్మ అడిగేది తీసుకో" అన్నాడు. "నాకు కండ్లు నొస్తాండాయి చదివి చదివి."

ఆయన కళ్లకేమీ లేదని ఫరహత్‌కు తెలుసు.

కొత్త యాప్ వచ్చాక ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ చాప వేసుకుని కూచున్నారు. ఊరంతా చెప్పుకుంటున్న సినిమా. అఖ్తర్ బీ భర్తకు ఎదురుగా, టీవీకి పక్కవాటుగా కూచుని, తెర మీద మాట వినగానే ఆయన వైపు తిరిగి పెదాలు పెద్దగా కదుపుతూ చెప్పింది. "వీడు... వాని... తమ్ముడు. ఊర్నుంచి... వచ్చినాడు." ఆయన తల ఊపుతున్నాడు. కాసేపు బాగానే నడిచింది. కానీ ఆమె ఒక మాట చెప్పేలోగా తెర మీద నాలుగు మాటలు అయిపోతున్నాయి. ఆమె రెండు వదిలేసి మూడోది చెప్పసాగింది. తర్వాత నాలుగు వదిలేసింది. కథ ముదిరేకొద్దీ ఆమె మెల్లగా టీవీ వైపు తిరిగిపోయింది. ఆ సంగతి ఆమెకే తెలియదు.

ఒక నవ్వుల సీను వచ్చింది. అఖ్తర్ బీ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ భర్త మోకాలి మీద కొట్టింది. ఆయనా నవ్వాడు. ఫరహత్ నవ్వుతూనే తండ్రి వైపు చూసింది. ఆయన తెర వైపు చూడడం లేదు. భార్య మొహం చూస్తున్నాడు. ఆమె నవ్విన తర్వాత నవ్వుతున్నాడు. ఆమె ఆపితే ఆపుతున్నాడు.

వెంటనే సినిమాలో తల్లి పాత్రకు ఏదో అయింది. అఖ్తర్ బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు అడ్డం రావడంతో ఆమె మొహం ఆయనకు సరిగా కనపడలేదు. నవ్వుతోందనే అనుకున్నాడు. కాసేపటిదాకా అలాగే నవ్వు మొహంతో ఉండిపోయాడు. ఫరహత్ చెయ్యి పట్టుకుంటే అప్పుడు తెర వైపు చూశాడు. చూసి, నవ్వు తీసేశాడు.

సినిమా అయ్యాక అఖ్తర్ బీ సంతోషంగా, 'ఎట్లుంది?' అని చేత్తో అడిగింది.

"శానా బాగుంది" అన్నాడు.

ఆ రాత్రి తల్లికి ఈ సంగతి చెప్పాలని ఫరహత్ అనుకుంది. చెప్పలేకపోయింది. దానికి బదులు ఆ యాప్ వాళ్లకు ఒక మెయిల్ రాసింది. మా నాన్నకు చెవులు వినపడవు, తెలుగు చదవడం వచ్చు, తెలుగు సినిమాలకు తెలుగు అక్షరాలు పెట్టండి అని. మీ సూచన మాకు ఎంతో విలువైనది అని నిమిషం కూడా గడవకముందే ఇంగ్లీషులో జవాబు వచ్చింది. మనిషెవరూ చదివి ఉండరని ఆమెకు అర్థమైంది. మిగతా యాప్‌లకు కూడా రాసింది. ఒకరిద్దరు అదే రకం జవాబు పంపారు.

ఆదివారాలు కొన్నాళ్లు నడిచాయి. తర్వాత ఒక ఆదివారం కమాల్ బాషా, "పరుపులు ఇయ్యాల్సినవి ఉండాయి, మీరు చూడండి" అని ముందు గదిలోకి పోయాడు. తర్వాతి వారం నిద్ర వస్తోందన్నాడు. ఆ తర్వాత అఖ్తర్ బీ పిలవడం మానేసింది. పిలవడమంటే లేచి పోయి భుజం తట్టాలి. ప్రతిసారీ తట్టేవాళ్లెవరు?

ఇంకో ఏడాది తిరిగింది. ఫరహత్ చదువు అయిపోయి ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్లో బిల్లులు రాసే పనికి చేరింది. మొదటి జీతం రాగానే తండ్రి ముందు కూచుని క్యాలెండరు కాగితం మీద రాసింది. 'నాయనా, ఈసారి నీ మంచు దేశం యాప్ కూడా తీసుకుంటా. రెండూ తీసుకుందాం.'

కమాల్ బాషా చదివాడు. కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ఆమె చేతికే ఇచ్చాడు.

"ఎందుకులేమ్మా. అలవాటు తప్పిపాయ."

ఆమె మళ్లీ కాగితం తెరిచి, 'అక్షరాలు వస్తాయి కదా' అని కింద రాసింది.

"వస్తాయి" అన్నాడు. "వచ్చినా ఎవరితో చెప్పుకోవాల?"

అది కూడా గట్టిగానే అన్నాడు. లోపలి గదిలో మిషన్ చప్పుడు ఆగింది. అఖ్తర్ బీ గుమ్మం దాకా వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడింది. ఏదో చెప్పబోయి, ఆయన తన వైపు చూడడం లేదని గమనించి ఊరుకుంది. ఆయన దిండు గలీబు నోరు తెరిచి దూది కూరుతున్నాడు.

ఫరహత్ ఆ నెల అమ్మ చూసే యాప్‌కు మాత్రమే కట్టింది.